ఎవరి పత్రిక? ఎవరి విద్యార్థి?
తెలుగునాట జాతీయోద్యమ చరిత్ర రచనపై ఒక విమర్శ

స్వాతంత్య్రోద్యమంలో పత్రికల పాత్ర, విద్యార్థుల పాత్ర అనే పాఠం మనలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక తరగతిలో చదువుకున్నదే. ఉద్యోగాల పరీక్షలకు కూర్చునేవాళ్లు మళ్లీ మళ్లీ బట్టీ పడుతున్నదే. ఆ పాఠం ఒక వరుసలో నడుస్తుంది. 1902లో బందరులో కృష్ణా పత్రిక పుట్టింది. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి రాజమండ్రిలో ప్రసంగించాడు. విద్యార్థులు వందేమాతరం బిళ్లలు పెట్టుకుని కాలేజీకి పోతే ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వాళ్లమీద చర్య తీసుకున్నాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు పోగొట్టుకున్నాడు. 1908లో బెజవాడ నుంచి 'స్వరాజ్య' నడిపి, తిరునల్వేలి కాల్పుల మీద రాసినందుకు జైలుకు పోయాడు. అదే ఏడాది బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. తెలంగాణకొస్తే 1922లో నీలగిరి, తెనుగు పత్రికలు, 1926లో గోలకొండ పత్రిక, 1938లో ఉస్మానియాలో వందేమాతరం సమ్మె, 1948లో షోయబుల్లాఖాన్ హత్య. జనం మేల్కొన్నారు, స్వాతంత్య్రం వచ్చింది. పాఠం సమాప్తం.

ఈ వరుసలో ఉన్న సంఘటనలేవీ అబద్ధం కాదు. ఈ మనుషుల త్యాగాన్ని తక్కువ చెయ్యడం ఈ వ్యాసం ఉద్దేశం అంతకన్నా కాదు. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో నడివీధిలో నరికివేతకు గురయ్యాడు. అట్లాంటి చావు ముందు ఎవరైనా తలవంచాల్సిందే. మా ప్రశ్న వేరే. ఈ పాఠంలో 'జనం' అనే మాట ఎన్నిసార్లు వస్తుందో, ఆ జనంలో మాలపల్లె, మాదిగవాడ ఉన్నాయా లేవా అనే ప్రశ్న అన్నిసార్లూ తప్పించుకుపోతుంది. 'విద్యార్థి' అన్నప్పుడు ఎవరి కొడుకు? 'పాఠకుడు' అన్నప్పుడు ఎవరు? ఈ రెండు మాటలకూ కులం లేనట్టు రాయడమే ఈ చరిత్ర రచనలో అసలు కిటుకు.

చదివేదెవరు, వినేదెవరు?

పత్రిక అంటే ఉత్త కాగితం కాదు. దానికి పెట్టుబడి కావాలి, ప్రెస్సు కావాలి, చందాదారు కావాలి, చదివే చోటు కావాలి. ఆనాటి తెలుగు పల్లెలో పత్రిక వచ్చేది కరణం ఇంటికో, మునసబు ఇంటికో, రైతు పెద్దల గ్రంథాలయానికో. చదువు రానివాళ్లకు ఒకరు పైకి చదివి వినిపించేవాళ్లని, అట్లా ఒక పత్రికను పదుగురు వినేవాళ్లని గ్రంథాలయోద్యమ చరిత్రకారులు గర్వంగా రాస్తారు. నిజమే. కానీ వినడానికి కూడా ఆ అరుగు ఎక్కాలి గదా? ఊరి అరుగు ఎక్కే హక్కు ఎవరికుంది? రచ్చబండ మీద కూర్చునే హక్కు లేనివాడు పత్రికకు పాఠకుడే కాదు, శ్రోత కూడా కాడు. మహా అయితే వార్త అవుతాడు. అదీ ఎప్పుడైనా.

ఈ కొలత పెట్టి చూస్తే జాతీయ పత్రికలు కూడగట్టిన 'ప్రజాభిప్రాయం' ఎంత వెడల్పో తెలుస్తుంది. అది బ్రాహ్మణ వకీలు నుంచి సంపన్న రైతు కొడుకు దాకా విస్తరించిన మాట వాస్తవం. అది చిన్న మార్పేమీ కాదు. గోలకొండ పత్రికనే తీసుకోండి. ఉర్దూ రాజభాషగా ఉన్న సంస్థానంలో తెలుగు పత్రిక నడపడమే ఒక పోరాటం. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. అణిచివేతకు గురైన భాషకు జాబితా వెయ్యడమే ఒక ఆయుధమని ఆ పని రుజువు చేసింది. మనం దాన్నుంచి నేర్చుకోవాలి. అదే పద్ధతిలో అడగాలి కూడా. తెలుగు పత్రికల చరిత్రలో దళితుల పత్రికలు లేవన్న మాటకు మన జాబితా ఏది?

మన జాబితా

ఆ జాబితా ఉంది. అది జాతీయ పత్రికల జాబితాకు తోకగా పుట్టింది కాదు, కొన్నిచోట్ల దానికంటే ముందే పుట్టింది. కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1893లో మద్రాసు నుంచి రెట్టమలై శ్రీనివాసన్ 'పరయన్' పత్రిక తెచ్చాడు. తనను తిట్టడానికి వాడే కులం పేరునే పత్రికకు పెట్టుకున్నాడు. ఐ.సి.ఎస్. పరీక్ష ఇండియాలోనూ జరపాలని కాంగ్రెస్ అడుగుతుంటే, అట్లా జరిపితే అధికారం మొత్తం పైకులాల చేతుల్లోకి పోతుందని మూడు వేలకు పైగా సంతకాలతో బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పంపించిన మనిషి ఆయన. 1907లో, అంటే పాల్ రాజమండ్రిలో ప్రసంగించిన ఏడాదే, అయోతీదాస్ 'ఒరు పైసా తమిళన్' మొదలుపెట్టాడు. స్వదేశీ అంటున్నవాళ్లను ఆ పత్రిక నిలదీసింది. విదేశీ బట్ట ముట్టకపోవడం సరే, సాటి మనిషిని ముట్టకపోవడం సంగతేమిటి అనేది దాని ప్రశ్న సారాంశం.

1920 జనవరి 31న బొంబాయిలో అంబేద్కర్ 'మూక్‌నాయక్' తెచ్చాడు. కొల్హాపూర్ శాహూ మహరాజ్ 2,500 రూపాయలు ఇచ్చాడు. ఆ పత్రిక వస్తున్నదని డబ్బు కట్టి ప్రకటన వేయించుకుందామంటే కూడా తిలక్ స్థాపించిన 'కేసరి' వెయ్యలేదు. పత్రికా స్వాతంత్య్రం కోసం జైలుకు పోయిన చరిత్ర ఉన్న పత్రిక అది. దొర నోరు నొక్కితే స్వాతంత్య్రం గుర్తొచ్చింది, అంటరానివాడి నోటికి నాలుగు అంగుళాల జాగా ఇవ్వడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఆ ఒక్క సంఘటనలో జాతీయ పత్రికారంగం కుల స్వభావం మొత్తం ఉంది.

తెలుగులోకి వద్దాం. రాజమండ్రిలో ఆయుర్వేద వైద్యుడు కుసుమ ధర్మన్న 'జయభేరి' పత్రిక నడిపాడు. గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని పాడి జైలుకు పోయిన కాలంలోనే, అదే బాణీలో ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' రాశాడు. గరిమెళ్ల పాట లేని పాఠ్యపుస్తకం ఉండదు, ధర్మన్న పాట ఉన్న పాఠ్యపుస్తకం వెతకాలి. విమర్శకులు ధర్మన్నను గరిమెళ్లకు పేరడీ అన్నట్టు ఒక పక్కకు నెడతారు. అది పేరడీ కాదు, అడుగున మిగిలిపోయిన సగం ప్రశ్న. తెల్లదొర పోయాక ఊళ్లో దొర ఉంటాడా పోతాడా అని అడిగినవాడు స్వాతంత్య్రాన్ని తక్కువ కోరినవాడా, ఎక్కువ కోరినవాడా?

హైదరాబాదులో మాదరి భాగయ్య, అంటే భాగ్యరెడ్డివర్మ, 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. హరికథలు, భజనలతో మొదలైన ఆ పని బడులదాకా, పత్రికదాకా వచ్చింది. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షుడుగా వచ్చి, పంచములమనే పేరు మాకెవరు పెట్టారు, మేము ఈ నేలకు ఆదినుంచీ ఉన్నవాళ్లం అన్నాడు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును గుర్తించక తప్పలేదు. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం ఆది హిందువులని రాసుకుంది. అదే ఏడాది వర్మ 'భాగ్యనగర్' పక్షపత్రిక మొదలుపెట్టాడు. 'వెట్టి మాదిగ' కథ అచ్చయింది అందులోనే. ఒక్క పేరు మార్చుకోవడానికి సభ, అర్జీ, పత్రిక, జనాభా లెక్క ఇన్ని మెట్లు ఎక్కాల్సొచ్చింది. ఇది ఉద్యమం కాదా? పత్రిక ద్వారా జనాన్ని మేల్కొల్పడం కాదా? అయినప్పుడు 'ఉద్యమంలో పత్రికల పాత్ర' అనే పాఠంలో ఇది ఎందుకు లేదు?

బడి మానెయ్యమన్న పిలుపు, బడిలోకి రానివ్వమన్న కేక

ఇక విద్యార్థి సంగతి. 1920-21లో సహాయ నిరాకరణోద్యమం విద్యార్థులకు ఇచ్చిన పిలుపు సర్కారీ బడులు, కాలేజీలు వదిలి రమ్మని. వదిలి వచ్చినవాళ్లు ఉన్నారు, అది వాళ్ల జీవితాల్లో పెద్ద త్యాగమే. కానీ వదలడానికి ముందు ఒక సీటు ఉండాలి. తాతల కాలంనుంచి ఇంట్లో పుస్తకం ఉన్న కుర్రాడు కాలేజీ వదిలితే అతనికి జాతీయ కళాశాల ఉంది, వకీలు తండ్రి ఉన్నాడు, పత్రికాఫీసులో పని ఉంది, రేపు స్వరాజ్యం వస్తే పదవి ఉంది. మిషనరీ బడిలోనో, సర్కారు పెట్టిన పంచమ బడిలోనో మొదటిసారి పలక పట్టిన మాల, మాదిగ పిల్లవాడికి ఆ బడి వదిలితే మిగిలేది పాలేరుతనం. ఒకే పిలుపు ఇద్దరికీ ఒకే అర్థం ఇవ్వలేదు.

చరిత్రకారులు దీన్ని అంటరాని కులాలు ఉద్యమానికి దూరంగా ఉన్నాయని రాస్తారు. ఎంత తెలివైన వాక్యం! దూరంగా ఉంచినవాడు ఈ వాక్యంలో కనిపించడు. నిజానికి ఆ రోజుల్లో అంటరాని కులాల విద్యార్థి ఉద్యమం బడి బయట జరిగింది. బడిలోకి రానివ్వమని, బెంచీమీద కూర్చోనివ్వమని, బడి కుండలో నీళ్లు తాగనివ్వమని అడగడమే అతని ఉద్యమం. భాగ్యరెడ్డివర్మ హైదరాబాదులో పాఠశాల తర్వాత పాఠశాల తెరుస్తూ పోయింది ఇందుకే. ఒకడు చదువు వదిలి దేశభక్తుడయ్యాడు, ఇంకొకడు చదువు పట్టుకుని 'సర్కారు మనిషి' అనిపించుకున్నాడు. ఈ కొలబద్ద ఎవరు తయారుచేశారో అడగాల్సిన అవసరం లేదా?

ఉస్మానియా, 1938

1938 చివరలో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో వందేమాతరం పాడొద్దని ఆంక్ష పెట్టారు. విద్యార్థులు సమ్మె కట్టారు. వందల మందిని గెంటేశారు. నాగపూర్ విశ్వవిద్యాలయం చాలామందికి చోటిచ్చింది. తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు అట్లా పోయినవాళ్లలో ఒకడు. ఆ సెప్టెంబరులోనే స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించారు. నోరు విప్పితే నేరమైన సంస్థానంలో విద్యార్థులు చేసిన ఆ పని తేలికైనది కాదు. తెలంగాణ రాజకీయాల్లో ఒక తరం ఆ సమ్మెలోంచే తయారైంది.

అయితే ఆ తరం కులమేమిటో చూడండి. హాస్టల్ ప్రార్థనా మందిరంలో ఏ పాట పాడాలి అనే ప్రశ్న రావాలంటే ముందు హాస్టల్లో గది ఉండాలి. ప్రార్థన హక్కు కోసం పోరాడినవాళ్లను తప్పుపట్టడం లేదు. హక్కు అనేది ఆ గుమ్మం దగ్గరే మొదలైందని చెప్పే చరిత్రను తప్పుపడుతున్నాం. ఎందుకంటే ఆ సమ్మెకు రెండేళ్ల ముందే, 1936లో, హైదరాబాదులో బి.ఎస్. వెంకటరావు పూనికతో అంబేద్కరైట్ల యూత్ లీగ్ ఏర్పడింది. అప్పటికి అంబేద్కర్ యేవలాలో, హిందువుగా చావనని ప్రకటించి ఏడాది కూడా సరిగ్గా నిండలేదు. ఆ మాట హైదరాబాద్ వాడల్లో యువకులను కదిలించింది. ఇది యువజనోద్యమం కాదా? విద్యార్థుల చరిత్రలో దీనికి ఒక్క పేరా లేదు. మనకు ఈ సంగతులు తెలిపింది విశ్వవిద్యాలయ ఆచార్యులు కాదు. ఆ పోరాటంలోనే తిరిగిన పి.ఆర్. వెంకటస్వామి. 1955లో సికిందరాబాదు నుంచి వచ్చిన ఆయన పుస్తకం 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' లేకపోతే హైదరాబాద్ దళితోద్యమంలో సగం పేర్లు మనకు దొరికేవి కావు. తన చరిత్ర తాను రాసుకోకపోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

ద్రోహం అనే మాట

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. మనవాళ్లు చాలామంది దాన్ని దాటేసి పోతుంటారు. దాటెయ్యకూడదు. 1947-48లో హైదరాబాద్ దళిత నాయకత్వం ఒక్క తాటిమీద లేదు. డిప్రెస్డ్ క్లాసెస్ అసోసియేషన్ నాయకులు బి.ఎస్. వెంకటరావు, శ్యాంసుందర్ నిజాం పక్షాన నిలిచారు. వెంకటరావు లాయక్ అలీ మంత్రివర్గంలో మంత్రి అయ్యాడు. దళితుల చదువు కోసం కోటి రూపాయల నిధి సాధించాడు. శ్యాంసుందర్ 1948లో ఐక్యరాజ్యసమితికి వెళ్లిన నిజాం ప్రతినిధి బృందంలో ఉన్నాడు. జె.హెచ్. సుబ్బయ్య నాయకత్వంలోని షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ వేరే దారి పట్టింది. స్వయానా అంబేద్కర్ 1947 నవంబరులో, హైదరాబాద్ అంటరాని కులాలు నిజాం పక్షాన గానీ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పక్షాన గానీ నిలవవద్దని స్పష్టంగా ప్రకటించాడు. ఇంకోవైపు తెలంగాణ పల్లెల్లో వెట్టికి, దొరకు వ్యతిరేకంగా సాయుధ పోరాటంలో మాల, మాదిగలు లెక్కలేనంతమంది నిలబడ్డారు.

అగ్రవర్ణ చరిత్రకారుడు ఇందులోంచి ఒక్క ముక్క తీసుకుని ద్రోహులు అని ముద్ర వేస్తాడు. మనలో కొందరు దానికి జవాబుగా ఆ నాయకులు చేసిందంతా సరైనదే అంటారు. రెండూ చరిత్ర కాదు. రజాకార్ల దౌర్జన్యం జరుగుతున్న కాలంలో ఆ ప్రభుత్వంలో మంత్రిగా ఉండడాన్ని అంబేద్కరే ఒప్పుకోలేదు, మనం ఎందుకు ఒప్పుకోవాలి? అదే సమయంలో ఇంకో ప్రశ్న కూడా అడగాలి. జాతీయ ఉద్యమం, దాని పత్రికలు, దాని విద్యార్థి సంఘాలు ఆ నాయకులకు ఏ తలుపు తెరిచి పెట్టాయి? ఒక్క కోటి రూపాయల నిధి నిజాం దగ్గర దొరుకుతుందనిపించి, కాంగ్రెస్ దగ్గర దొరకదనిపించే పరిస్థితి ఎవరి వల్ల వచ్చింది? ఆ నిధిలోంచే తర్వాత అంబేద్కర్ ఔరంగాబాద్ కాలేజీకి అప్పు దొరికింది. ఇది గుర్తుపెట్టుకుంటే సంగతి అంత నలుపు తెలుపుగా కనపడదు.

ద్రోహం అనే మాట 1932లో కూడా వాడారు. ప్రత్యేక నియోజకవర్గాలు అడిగిన అంబేద్కర్ దేశంలోని జాతీయ పత్రికల్లో చాలావాటికి గాంధీ ప్రాణానికి అడ్డు నిలిచినవాడుగానే కనిపించాడు. ఉపవాసం రోజువారీ వార్త అయింది, వెయ్యేళ్ల ఆకలి వార్త కాలేదు. సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక ఆ ఒత్తిడిలోనే జరిగింది. 1933 ఫిబ్రవరిలో గాంధీ 'హరిజన్' పత్రిక పెడుతూ సందేశం అడిగితే, అంబేద్కర్ సందేశం ఇవ్వలేదు. అంటరానివాడు కులవ్యవస్థలోంచి పుట్టినవాడు, కులం ఉన్నంతకాలం అతనూ ఉంటాడు అనే అర్థంలో ఒక ప్రకటన పంపాడు. గాంధీ దాన్ని అచ్చువేసి కింద తన జవాబు రాసుకున్నాడు. పత్రిక పేరు మనది, పెత్తనం వాళ్లది. మన మాట అచ్చయినా చివరి మాట మాత్రం సంపాదకుడిదే.

ఆ చరిత్ర ఎక్కడికి పోలేదు

ఇదంతా పాత గొడవ, ఇప్పుడెందుకు అనేవాళ్లుంటారు. 1990లో మండల్ సిఫార్సుల అమలు ప్రకటించినప్పుడు వీధుల్లోకి వచ్చినవాళ్లను పత్రికలు ఏ మాటతో పిలిచాయో గుర్తుచేసుకోండి. 'విద్యార్థులు' అన్నాయి. రిజర్వేషన్లను సమర్థించి ఊరేగింపు తీసిన పిల్లలను మాత్రం కులం పేరుతో పిలిచాయి. వాళ్లూ అదే క్లాసులో కూర్చున్నవాళ్లే. 1907 నుంచి వస్తున్న అర్థమే అది. కులం చెప్పక్కర్లేనివాడు విద్యార్థి, చెప్పించుకునేవాడు కులస్తుడు. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు 'పయనీర్' పత్రికలో ఒక సంగతి రాశాడు. ఢిల్లీలో ఒక విదేశీ విలేఖరి మాట్లాడ్డానికి ఒక దళిత జర్నలిస్టు పేరు చెప్పమంటే, గుర్తింపు పొందిన విలేఖరుల జాబితా అంతా వెతికినా ఒక్కరు కూడా దొరకలేదు. స్వాతంత్య్రం వచ్చి అప్పటికి నలభై తొమ్మిదేళ్లు.

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయాడు. అంతకు ముందు ఏడాది ఒక కేంద్రమంత్రి రాసిన లేఖలో ఆ ప్రాంగణంలోని రాజకీయాలకు జాతి వ్యతిరేకం అనే ముద్ర ఉంది. అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ కుర్రవాళ్లకు తగిలిన మాట అది. ఆ మాట అక్కడ పుట్టింది కాదు. అర్జీ పంపిన రెట్టమలై శ్రీనివాసన్‌కు, నల్లదొర అన్న ధర్మన్నకు, నియోజకవర్గం అడిగిన అంబేద్కర్‌కు తగిలిన రాయే అది. అందుకే ఉద్యమ చరిత్రను ఎట్లా రాస్తామనేది పరీక్షల్లో మార్కుల సంగతి కాదు. ఎవరు దేశం, ఎవరు ద్రోహం అని ఈవేళ తేల్చే అధికారం ఆ పాఠంలోంచే వస్తున్నది.

చెయ్యాల్సిన పని

కాబట్టి అడగాల్సింది ఆ పాఠంలో ఇద్దరు దళితుల పేర్లు చేర్చమని కాదు. జాబితా చివర 'తదితరులు' కింద చేరడం మనకు గౌరవం కాదు. పాఠం కొలబద్దే మారాలి. పత్రిక గురించి రాసేటప్పుడు ఎవరు పెట్టారు, ఎప్పుడు నిషేధించారు అనేవాటితోపాటు ఎవరు చదవగలిగారు, ఎవరి కష్టం అందులో వార్త అయింది, ఎవరి ప్రకటన తిరస్కరించారు అనేవి కూడా రాయాలి. విద్యార్థి సంఘం గురించి రాసేటప్పుడు ఎంతమంది బయటికొచ్చారో కాదు, లోపలికి రాలేనివాళ్లు ఎవరో కూడా చెప్పాలి. తెల్ల ప్రభుత్వం మీద పోరాటం, కులం మీద పోరాటం అనే రెంటినీ ఒకటి అసలు, ఒకటి కొసరు అన్నట్టు కాక, ఒకే కాలంలో ఒకదానితో ఒకటి గుద్దుకుంటూ నడిచిన రెండు స్వాతంత్య్రోద్యమాలుగా చదవాలి.

ఈ పనిలో ఉపాధ్యాయులు చెయ్యగలిగింది ఉంది. రేపు క్లాసులో కృష్ణా పత్రిక చెప్పేటప్పుడు పక్కనే భాగ్యనగర్ పేరు నల్లబల్ల మీద రాయొచ్చు. గరిమెళ్ల పక్కన ధర్మన్నను రాయొచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. విద్యార్థులు చెయ్యగలిగింది ఇంకా ఎక్కువ. వాడల్లో ట్రంకుపెట్టెల అడుగున పాత కరపత్రాలు, సభల నోటీసులు, చందా రశీదులు, యువజన సంఘం మినిట్సు పుస్తకాలు ఉండే అవకాశముంది. చెదలు పట్టకముందే అవి బయటికి రావాలి. పెద్దవాళ్లు ఉన్నప్పుడే వాళ్ల మాట రికార్డు చెయ్యాలి. 354 మంది కవుల జాబితా ఒక ప్రాంతానికి గొంతు ఇచ్చింది. ఒక్కో జిల్లాలో మన పత్రికలెన్ని, మన బడులెన్ని, మన సంఘాలెన్ని అనే జాబితా తయారైతే అది ఏ పని చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

తెల్లదొర పత్రికలను మూయించగలిగాడు గనక ఆ మూసివేతకు రికార్డుంది, కేసు నంబరుంది, చరిత్రలో చోటుంది. మన పత్రికలను మూయించింది డబ్బు లేకపోవడం, చదువు లేకపోవడం, అరుగు ఎక్కనివ్వకపోవడం. ఆ మూసివేతకు కేసు నంబరు లేదు. దాన్ని మనమే రాసుకోవాలి.